టమియా 1/48 హియెన్: వెండి ఒంటి మీద ఆకుపచ్చ మచ్చలు ఎలా వేయాలి?

రెక్కలపురుగు:

అందరికీ నమస్కారం. బల్ల మీద టమియా కంపెనీ 1/48 (అసలులో 48వ వంతు) కీ-61 హియెన్ నమూనా ఉంది, రెండో ప్రపంచ యుద్ధపు జపాన్ ఆర్మీ ఫైటర్ విమానం. ‘తెయ్’ రకం, అంటే ముక్కులో రెండు 20 మి.మీ. ఫిరంగులున్నది. కాక్‌పిట్ ముగిసింది, ఫ్యూజలేజ్ (విమానం మొండెం) మూసేశాను, రెక్కలు అతికాయి. పుట్టీ డబ్బా మూత తీయవలసిన అవసరమే రాలేదు. ఇంతవరకూ హాయిగా సాగిన పని ఇప్పుడు రంగు దగ్గర ఆగింది.

చేయదలచుకున్నది 244వ సెంటాయ్ (జపాన్ ఆర్మీ వైమానిక దళం) విమానం. టోక్యో శివారులోని చోఫు స్థావరం, 1945 మొదటి నెలలు. ఒళ్లంతా లోహపు రంగు, పై భాగాల మీద ముదురాకుపచ్చ మచ్చలు, ఎర్ర తోక. చూడటానికి ఎంత బాగుంటుందో, చేయడానికి అంత భయపెడుతోంది.

ప్లాస్టిక్ చెంచాల మీద వెండి రంగు కొట్టి, దాని మీద టమియా ఆక్రిలిక్ ముదురాకుపచ్చ ఎక్స్‌ఎఫ్-13తో మచ్చలు ప్రయత్నిస్తున్నాను. ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చిమ్మే పెన్ను) 0.3 మి.మీ. సూదిది. రెండే జరుగుతున్నాయి. ఒకటి, రంగు ఎండిపోయి ఇసుక చల్లినట్టు గరుకుగా పడుతుంది. లేదంటే ఒక్కసారిగా ఎక్కువ వచ్చి, గాలికి పక్కలకు చీలి, గీతలు గీతలుగా పాకిపోతుంది. మధ్యేమార్గం దొరకడం లేదు. అసలు విమానం మీద ఇది మొదలుపెడితే ఒక్క తప్పు మచ్చతో మొత్తం వెండి పాడవుతుందేమోనని చేయి ముందుకు పోవడం లేదు.

ఇంకో రెండు సందేహాలు. మొదటిది వరుసక్రమం: హినోమారు (జపాన్ ఎర్ర గుండ్రం గుర్తు), రెక్క అంచు పసుపు, ముక్కు మీది నలుపు, మచ్చలు, వీటిలో ఏది ముందు? రెండోది, ఇంటర్నెట్‌లో కనిపించే జపాన్ విమానాల నమూనాలన్నీ సగం రంగు ఊడిపోయి ఉంటాయి. నిజంగా అంత ఊడిందా? ఊడితే ఎక్కడ, ఎంత?


తైలవర్ణం:

మీరు అనవసరంగా కష్టపడుతున్నారు. మచ్చలకు డెకాల్స్ (నీళ్లతో తడిపి అతికించే పలుచని బొమ్మలు) దొరుకుతాయి. టమియానే వెండి పూత వేసిన భాగాలతో, మచ్చల డెకాల్స్‌తో ఈ హియెన్‌ను ప్రత్యేకంగా అమ్మింది. అది వద్దనుకుంటే ఒక స్పాంజి ముక్క తీసుకుని, రంగులో ముంచి, కాగితం మీద ఒత్తి తడి పోగొట్టి, విమానం మీద అద్దుకుంటూ పోండి. గంటలో అయిపోతుంది. దూరం నుంచి చూసేవాళ్లకు తేడా తెలియదు.

ఊడిన రంగు గురించి ఆలోచించకండి, బాగా ఊడగొట్టండి. జపాన్ విమానం అంటేనే ఊడిన రంగు. అది లేకపోతే బొమ్మలా ఉంటుంది.


సన్నసూది:

స్పాంజి మాటకు ముందు జవాబు చెబుతాను. స్పాంజి అద్దితే మచ్చ అంచు గట్టిగా, కోసినట్టు వస్తుంది. హియెన్ మీద మచ్చలు వేసింది స్ప్రే గన్‌తో. అంచు మెత్తగా, మసకగా ఉండాలి. దూరం నుంచి తేడా తెలియదంటే సరే, కానీ 25 సెంటీమీటర్ల రెక్కలున్న నమూనాను ఎవరూ దూరం నుంచి చూడరు. చేతిలోకి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తారు.

రెక్కలపురుగు గారూ, మీ సమస్య మచ్చలది కాదు, మచ్చల కింద ఉన్న వెండిది. ఒక్క తప్పుతో మొత్తం పోతుందన్న భయం ఉన్నంతకాలం చేయి బిగుసుకుపోతుంది, బిగుసుకున్న చేత్తో ట్రిగ్గర్ సన్నగా లాగడం ఎవరివల్లా కాదు. కాబట్టి తప్పును తుడిచేసుకునే వీలుండేలా రంగులు ఎంచుకోండి. వెండి లాకర్‌లో ఉండాలి, మచ్చలు ఎనామెల్‌లో ఉండాలి. ఇవి రెండు వేర్వేరు రకాల రంగులు, ఒక్కోదానికి పలుచన చేసే థిన్నర్ వేరు. లాకర్ పూర్తిగా ఎండాక ఎనామెల్ థిన్నర్ దాన్ని ఏమీ చేయదు. మచ్చ వికారంగా పడిందా, దూదిపుల్లను ఎనామెల్ థిన్నర్‌లో ముంచి, కాస్త పిండి, తుడిచేయండి. కింద వెండి చెక్కుచెదరకుండా ఉంటుంది. మళ్లీ వేసుకోండి.

ఆక్రిలిక్‌తోనూ ఇది కొంతవరకు సాధ్యమే, కానీ ఒక చిక్కు ఉంది. టమియా ఆక్రిలిక్‌ను లాకర్ థిన్నర్‌తో పలుచన చేస్తే అద్భుతంగా స్ప్రే అవుతుంది, అందుకే చాలామంది అలా చేస్తారు. అప్పుడది కింది వెండిని కొరికి పట్టుకుంటుంది, ఇక తుడవడం కుదరదు. పైగా మీకు ఇసుకలా పడుతున్నదంటే రంగు సూది కొస మీద, దారిలో గాలిలో ఎండిపోతున్నదన్నమాట. ఎనామెల్ నెమ్మదిగా ఆరుతుంది కాబట్టి ఆ బాధ సగం తగ్గిపోతుంది. ఇంత సన్నని పనికి ఎనామెల్‌ను మించింది నాకు కనిపించలేదు. పాతకాలపు రంగు అని మొహం తిప్పుకునేవాళ్లుంటే తిప్పుకోనివ్వండి.

ఇప్పుడు వెండి. మిస్టర్ సర్ఫేసర్ 1500 లాంటి సన్నని ప్రైమర్, దాని మీద నున్నగా రుద్దుడు, ఆ తర్వాత నిగనిగలాడే నలుపు లాకర్. ఈ నలుపు దగ్గర తొందరపడితే చివరిదాకా అనుభవించాలి. దీపం కింద పక్కవాటుగా చూస్తే దీపం ప్రతిబింబం అంచు చెదరకుండా కనిపించాలి. ఎక్కడైనా దుమ్ము రేణువు కనిపిస్తే అక్కడే ఆగి తీసేయండి, ఎందుకంటే లోహపు రంగు దేన్నీ దాచదు, ఉన్నదాన్ని రెండింతలు చేసి చూపిస్తుంది. దాని మీద టమియా లాకర్ ఎల్‌పీ-11 వెండిని బాగా పలుచన చేసి, తేలికపాటి పొరలుగా కొట్టండి. పూర్తిగా ఒక్కటే వెండి అయితే చాక్లెట్ రేకు చుట్టినట్టుంటుంది. కాబట్టి ఇంజన్ పైకప్పు పలకలు, తుపాకీ మూతలు, రెక్క మీద ఒకటి రెండు పలకలు మాస్క్ చేసి (చుట్టుపక్కలంతా టేపుతో కప్పి) ఎల్‌పీ-38 ఫ్లాట్ అల్యూమినియం పలుచగా తాకించండి. తేడా ఉందా లేదా అని అనుమానం వచ్చేంత మాత్రమే ఉండాలి.

ఒక విషయం చాలామంది వదిలేస్తారు. ఐలెరాన్లు, ఎలివేటర్లు, చుక్కాని, అంటే రెక్కల, తోక వెనకంచున కదిలే భాగాలు, ఇవన్నీ హియెన్ మీద బట్ట తొడిగిన భాగాలు. బట్టకు లోహపు మెరుపు ఎక్కడిది? వాటికి ఆర్మీ బూడిదాకుపచ్చ వేయండి, మిస్టర్ కలర్‌లో 128 అదే. వెండి రెక్క చివర ఆ మందమైన బూడిదాకుపచ్చ ఐలెరాన్ కనిపించగానే విమానానికి ప్రాణం వస్తుంది. మీరు ఎర్ర తోక చేస్తున్నారు కాబట్టి చుక్కాని ఎరుపులో కలిసిపోతుంది, మిగతావి మర్చిపోకండి.

వరుసక్రమానికి అసలు విమానం ఏ వరుసలో రంగు పూసుకుందో అదే ఆధారం. హియెన్‌లు ఫ్యాక్టరీ నుంచి లోహపు రంగులోనే, హినోమారులు వేసుకుని వచ్చేవి. మచ్చలు చాలావరకు తర్వాత స్థావరాల్లో పడ్డాయి. అంటే స్ప్రే గన్ పట్టుకున్న సైనికుడు అప్పటికే ఉన్న ఎర్ర గుండ్రం చుట్టూ జాగ్రత్తగా వేసుకుంటూ పోయాడు. కాబట్టి వెండి, ఆపైన రెక్క ముందంచు నారింజ పసుపు, ముక్కు మీది నలుపు, స్వదేశ రక్షణ విమానాలకు హినోమారు కింద నేపథ్యంగా ఉండే తెల్ల పట్టీ, హినోమారు, తోక ఎరుపు, అన్నిటికంటే చివర మచ్చలు. వెండి మీద తెలుపు, పసుపు త్వరగా కప్పుకుంటాయి, అదొక లాభం. హినోమారుకు డెకాల్ కంటే వృత్తం కోసిన మాస్కు మంచిది. డెకాల్ ఎరుపు తరచూ మరీ వెలుగుగా ఉంటుంది. మచ్చలు హినోమారుకు కాస్త ఎడంగా ఆగిపోనివ్వండి. ఎరుపు చుట్టూ సన్నగా, ఒకచోట ఎక్కువ ఒకచోట తక్కువగా వెండి వలయం మిగులుతుంది. మచ్చల మీద డెకాల్ అతికించిన నమూనాకూ దీనికీ తేడా అక్కడే పట్టుకోవచ్చు.

ఇక మచ్చ. ఎనామెల్ ఎక్స్‌ఎఫ్-13 ఒక వంతుకు థిన్నర్ రెండు వంతులు, కాస్త అటూ ఇటూ. గిన్నె గోడ మీద పాలు జారినట్టు జారాలి. గాలి ఒత్తిడి 0.7 బార్ దగ్గర మొదలుపెట్టండి. దూరం సెంటీమీటరు, ఒకటిన్నర. అంత దగ్గరగా కొట్టేటప్పుడు సూది చివరి టోపీ తీసేయండి. ఉపరితలం మీద నుంచి తిరిగి వచ్చే గాలి ఆ టోపీలో చిక్కి రంగును చెదరగొడుతుంది, మీకు గీతలు పాకడానికి అది ఒక కారణం కావచ్చు. టోపీ లేనప్పుడు సూది దేనికీ తగలకుండా చూసుకోండి, వంగిందంటే అంతే సంగతులు. ముందు గాలి, తర్వాత రంగు. ఆపేటప్పుడు ముందు రంగు, తర్వాత గాలి. మచ్చకూ మచ్చకూ మధ్య గాలి వదిలే వేలు ఎత్తనేకూడదు. కాసేపటికోసారి సూది కొసను థిన్నర్ తడి దూదితో తుడవండి.

పాకిపోతుంటే రంగు ఎక్కువ వస్తున్నట్టు, ట్రిగ్గర్ తగ్గించండి. అప్పటికీ పాకితే ఒత్తిడి కాస్త తగ్గించండి. ఇసుకలా పడితే దగ్గరికి రండి, లేదా ఇంకొన్ని చుక్కల థిన్నర్ కలపండి. ఒకేసారి రెండు మార్చకండి, ఏది పనిచేసిందో తెలియదు.

చెంచాల మీద సాధన మానేయండి. మీ కిట్‌లో పారదర్శకమైన ఎడమ ఫ్యూజలేజ్ సగం ఇంకొకటి ఉంది కదా, లోపలి అమరిక చూపించడానికి ఇచ్చినది. మీరు మామూలు సగం వాడి ఉంటే అది ఖాళీగా స్ప్రూ (భాగాలు అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ చట్రం) మీదే ఉంటుంది. దానికి ఇదే నలుపు, ఇదే వెండి కొట్టి, దాని మీద సాధన చేయండి. అదే వంపు, అవే పలక గీతలు. రెక్క మొదలు దగ్గర చేయి ఎలా తిప్పాలో కూడా అక్కడే తెలిసిపోతుంది.

కొలత కూడా చెబుతాను. అసలు విమానం మీద జానెడు, అంటే సుమారు 20 సెంటీమీటర్ల మచ్చ మన స్కేలులో 4 మిల్లీమీటర్లు. మసక అంచు ఒక మిల్లీమీటరు దాటితే అసలు విమానం మీద అది ఐదు సెంటీమీటర్లు అవుతుంది. ఫోటో పక్కన పెట్టుకుని, హినోమారు వ్యాసంలో మచ్చ ఎన్నో వంతు ఉందో చూసుకుంటే కొలత తప్పదు. ఒక మూల నుంచి మొదలుపెట్టి నింపుకుంటూ పోకండి. చివరికి వచ్చేసరికి చేయి అలవాటుపడి మచ్చలు మారిపోతాయి. మొత్తం విమానం మీద దూరదూరంగా వేసి, ఆగి, చూసి, ఖాళీలు పూరించండి.


పాతగ్లూ:

రంగు ఎలా వేయాలో సన్నసూది గారు చెప్పారు. ఊడటం గురించి నేను చెబుతాను, ఎందుకంటే ఈ విషయంలో నాకు ఓపిక అయిపోయింది.

జపాన్ విమానాల రంగు ఊడిన మాట నిజం. స్థావరంలో మెకానిక్ ప్రైమర్ లేకుండా నేరుగా అల్యూమినియం మీద ఆకుపచ్చ కొడితే అది ఎంతకాలం పట్టుకుంటుంది? హియెన్‌లు 1943లో న్యూగినీకి వెళ్లాయి, 68వ, 78వ సెంటాయ్‌లతో. అక్కడ ఎండ, వాన, రన్‌వే దుమ్ము. విమానాన్ని దాచడానికి కొబ్బరి మట్టలు కప్పడం, తీయడం. ఇంజన్ సంగతి సరేసరి. జర్మన్ డైమ్లర్-బెంజ్ డీబీ 601ఏ లైసెన్సు మీద చేసిన హా-40 అది, ఆ వేడిలో ఎప్పుడూ ఏదో ఒక తంటా. మెకానిక్కులు ఇంజన్ మూతలు తీస్తూ పెడుతూ, రెక్క మొదలు మీద మోకాళ్లూనుతూ ఉండేవాళ్లు. అలాంటి చోట రంగు గీసుకుపోకుండా ఎలా ఉంటుంది?

అయితే అక్కడి హియెన్‌లు పాతబడేంత కాలం బతకలేదన్నది కూడా గుర్తుంచుకోవాలి. 1943 ఆగస్టు 17న వేవాక్ స్థావరాల మీద అమెరికన్ దాడిలో నేల మీదే ఎన్నో పోయాయి.

మనం చూసే ‘పూర్తిగా ఊడిన’ ఫోటోల్లో చాలావరకు ఎప్పటివి? అమెరికన్లు స్థావరాలు పట్టుకున్నాక, లేదా 1945 శరదృతువులో జపాన్‌లో దిగాక తీసినవి. అప్పటికి ఆ విమానాలు నెలల తరబడి ఎవరూ పట్టించుకోక బయట పడి ఉన్నాయి, కొన్నిటిని పక్కకు ఈడ్చేశారు, కొన్నిటి మీదికి సైనికులెక్కి ఫోటోలు దిగారు. దిక్కులేక పడి ఉన్న శిథిలాన్ని చూసి, ఎగురుతున్న విమానానికి అదే రంగు వేస్తున్నాం. చక్రాలలో గాలి, కాక్‌పిట్ అద్దం తళతళ, పైలట్ బొమ్మ లోపల, బయట రంగు మాత్రం ఆరు నెలలు గడ్డిలో పడి ఉన్నట్టు!

చోఫు పరిస్థితి వేరు. అది రాజధానిని కాపాడే దళం. వర్క్‌షాపులు దగ్గర, మెకానిక్కులు ఉన్నారు, సంవత్సరంలో అది చలికాలం. అక్కడి విమానం మీద అరుగుదల చూపించాలంటే మనుషుల చేతులు, కాళ్లు తాకే చోట్ల చూపించండి. పైలట్ ఎక్కే ఎడమ రెక్క మొదలు, తుపాకీ మూతల అంచులు, ఇంధనం పోసే మూత చుట్టూ, రెక్క ముందంచు. ఇంతకు మించి నేనైతే వేయను.

పద్ధతి కావాలంటే: మచ్చ పూర్తిగా ఎండకముందే మొనదేలిన పళ్లపుల్లను థిన్నర్‌లో తాకించి, పలక అంచు వెంట చిన్నగా గీకండి. ఎనామెల్ లేచి కింద అసలు వెండి బయటపడుతుంది. వెండి రంగును కుంచెతో పైన పెట్టి ‘ఊడినట్టు’ చూపించే అవసరమే లేదు. కింద నిజంగా వెండి ఉన్నప్పుడు పైన మళ్లీ వెండి ఎందుకు?


తైలవర్ణం:

అంటే ప్రదర్శనల్లో బహుమతులు తెచ్చుకున్న నమూనాలన్నీ తప్పేనంటారా? హెయిర్‌స్ప్రే కొట్టి, దాని మీద ఆక్రిలిక్ వేసి, గోరువెచ్చని నీళ్లు, గట్టి కుంచెతో రంగు లేపే ఆనందం మీకు తెలియదు. ఫోటోలో ఉన్నది మాత్రమే చేయాలంటే నాకు ఫోటోనే చాలు, నమూనా దేనికి?


పాతగ్లూ:

బహుమతి ఇచ్చేవాళ్లకు ఊడిన రంగు ఇష్టం, అంతే. హెయిర్‌స్ప్రే పద్ధతి మంచిదే, ఒళ్లంతా ఆకుపచ్చ వేసిన విమానానికి బాగా పనికొస్తుంది. చిన్న మచ్చల మీద వాడితే నీళ్లు తగలగానే మచ్చ మొత్తంగా లేచిపోతుంది, అరిగినట్టు కనిపించదు. మీ విమానం మీ ఇష్టం, తైలవర్ణం గారూ. ఇక్కడ అడిగినవారు మాత్రం ‘నిజంగా అంత ఊడిందా’ అని అడిగారు.


రెక్కలపురుగు:

పారదర్శక సగం ఆలోచన నాకు తట్టనే లేదు! స్ప్రూ మీద అలాగే ఉంది. నిన్న నలుపు, వెండి కొట్టి, ఆరాక ఈ రోజు ఎనామెల్‌తో మొదలుపెట్టాను. ఒత్తిడి 0.7 దగ్గర ఇంకా కొంచెం పాకింది, కాస్త తగ్గించి ట్రిగ్గర్ మీద దృష్టి పెట్టగానే గుండ్రని మసక మచ్చలు రావడం మొదలైంది. ఒకచోట కావాలనే పెద్దగా కొట్టి, దూదిపుల్లతో తుడిచి చూశాను. వెండి మీద మరక కూడా మిగల్లేదు. ఈ ఒక్క విషయం ముందే తెలిసి ఉంటే చెంచాల డబ్బా అంతా మిగిలేది.

ఇంకా కొన్ని ప్రశ్నలు. తోక ఎరుపు అని రంగుల పత్రంలో ఉంది, కానీ నలుపు తెలుపు ఫోటోలో అది దాదాపు నల్లగా కనిపిస్తోంది. ముదురాకుపచ్చ కాదని ఎలా తెలుస్తుంది? చివరలో మ్యాట్ వార్నిష్ వేయాలా? ఇంకా, వెండి మీద మాస్కింగ్ టేపు వేస్తే ఊడి వస్తుందేమోనని భయం.


సన్నసూది:

టేపు సంగతి ముందు. లాకర్ వెండి కనీసం ఒక రాత్రంతా ఆరాలి, రెండు రోజులిస్తే ఇంకా మంచిది. టేపును ముందు అరచేతికో, గాజు పలకకో రెండు మూడుసార్లు అతికించి తీసి, బంక తగ్గించి వాడండి. తీసేటప్పుడు పైకి లాగకుండా, దాని మీదికే మడిచి, ఉపరితలానికి ఆనించి వెనక్కి లాగండి. ఊడిందంటే తప్పు టేపుది కాదు, ప్రైమర్‌కు ముందు ప్లాస్టిక్ సబ్బు నీళ్లతో కడగకపోవడమో, నలుపు ఆరకముందే వెండి కొట్టడమో అయి ఉంటుంది.

తోక గురించి. ఎరుపు కాంతిని పట్టని ఆర్థోక్రోమాటిక్ ఫిల్ము మీద ఎరుపు నల్లగా వస్తుంది, పసుపు కూడా ఉన్నదానికంటే ముదురుగా వస్తుంది. కాబట్టి తోకను మచ్చల ఆకుపచ్చతో పోల్చకండి, అదే ఫోటోలో ఉన్న హినోమారుతో పోల్చండి. హినోమారు కచ్చితంగా ఎరుపే కదా. రెండూ ఒకే వెలుగులో, ఒకే ముదురుతనంతో ఉంటే తోక ఎరుపని నమ్మవచ్చు. రెక్క ముందంచు పసుపు నల్లగా కనిపిస్తే ఫిల్ము రకం కూడా తెలిసిపోతుంది. నీడలో ఉన్న భాగాన్ని ఎండలో ఉన్న భాగంతో పోల్చకుండా చూసుకోండి.

అంతకంటే ముందు, మీరు ఏ విమానం చేస్తున్నారో ఒక్కటి తేల్చుకోండి. ‘244వ సెంటాయ్ హియెన్’ అంటే సరిపోదు. ఆ దళపతి మేజర్ తెరుహికో కొబయాషి 1944 నవంబరులో పగ్గాలు చేపట్టాడు, 1945 జనవరి 27న తానే ఒక అమెరికన్ బీ-29 బాంబర్‌ను ఢీకొట్టి పారాచూట్‌తో బయటపడ్డాడు. అలాంటివాడు ఒకే విమానంతో యుద్ధమంతా గడపడు కదా. ఒక్కో విమానానికి తోక, పట్టీలు, మచ్చల తీరు వేరు. అదే దళంలో బీ-29లను ఢీకొట్టడానికే ఏర్పాటైన బృందం ఉండేది. తొమ్మిది, పది వేల మీటర్ల ఎత్తు అందుకోవడం హియెన్‌కు కష్టం, అందుకని బరువు తగ్గించడానికి ఆ విమానాల్లోంచి తుపాకులు, కవచం తీసేసేవారు. మీరు ఎంచుకున్నది ఆ బృందానిదైతే రెక్కల తుపాకులు ఉండాలా, వాటి రంధ్రాలు మూయాలా అన్నది ఫోటో చూసి తేల్చుకోవాలి. కిట్‌లో తుపాకీ గొట్టం ఉంది కదా అని అతికించేయడం కుదరదు.

ఈ బృందం గురించి చదువుతూ రంగు వేయడం ఒక్కోసారి ఇబ్బందిగానే ఉంటుంది. అందంగా చేయాలనే అనిపిస్తుంది, అందం కోసం పుట్టిన వస్తువు కాదనీ తెలుసు. ఆ ముడి నేనైతే విప్పలేదు, చేస్తూనే ఉన్నాను.

వార్నిష్: మొత్తం విమానం మీద మ్యాట్ మాత్రం వద్దు. మ్యాట్ పడిన క్షణం లోహం బూడిద రంగైపోతుంది, మీరు నలుపు దగ్గర పడ్డ శ్రమంతా వృథా. మీ ఎనామెల్ ఎక్స్‌ఎఫ్ రంగు దానంతటదే మ్యాట్‌గా ఆరుతుంది. మెరిసే లోహం మీద మెరుపులేని ఆకుపచ్చ, కోరుకున్న తేడా అదే కదా. ముక్కు మీది నలుపు కూడా మ్యాట్‌గానే ఉంచండి, అది పైలట్ కళ్లలో ఎండ పడకుండా వేసినది. తోక మీది దళ చిహ్నం డెకాల్ అయితే, దాని పొర అంచును చుట్టూ దగ్గరగా కత్తిరించి అతికించి, తోక వరకే సెమీగ్లాస్ కొట్టుకోండి. డెకాల్ మెత్తబరిచే ద్రావణం కొన్ని వెండి రంగుల మీద తెల్లని మరక వదులుతుంది, పారదర్శక సగం మీద ముందు ఒక చుక్క వేసి చూడండి.

ఇంకో హెచ్చరిక. పలక గీతల్లోకి నల్ల ఎనామెల్ పారించేటప్పుడు అతుకుల దగ్గర, చక్రాల కాళ్ల మొదళ్ల దగ్గర గుంటలు కట్టనివ్వకండి. రంగు పొర లేని ప్లాస్టిక్‌లోకి ఎనామెల్ థిన్నర్ ఇంకితే, ఒత్తిడిలో ఉన్న చోట ప్లాస్టిక్ పెళుసుబారి విరుగుతుంది. మచ్చలు తుడిచేటప్పుడు కూడా దూదిపుల్లను పిండమన్నది అందుకే. గీతలు పారించే పని మచ్చలకు ముందే చేయండి. తర్వాత చేస్తే తుడుపులో మచ్చలు కూడా పోతాయి.


పాతగ్లూ:

లోహం ఎలా ఉండాలన్న దానికి ఒక ఆధారం ఉంది. జపాన్‌లో కకమిగహరాలోని విమాన, అంతరిక్ష మ్యూజియంలో ఒక హియెన్ ఉంది. కీ-61 రెండో రకం. ఇంతకుముందు చిరాన్ మ్యూజియంలో ఉన్నప్పుడు దానికి మచ్చల రంగు ఉండేది. కవాసాకి దాన్ని బాగుచేసినప్పుడు తర్వాతి కాలంలో వేసిన ఆ రంగంతా తీసేసి, 2016లో కోబేలో అల్యూమినియం ఒంటితోనే ప్రదర్శించింది. దాని ఫోటోలు పెద్దవి చేసి చూడండి. ఎక్కడా అద్దంలా మెరవదు. పక్కపక్క పలకలు కూడా ఒకటి కాస్త నీలంగా, ఒకటి కాస్త పసుపుగా, మరొకటి మందంగా ఉంటాయి. సన్నసూది గారు చెప్పిన ఎల్‌పీ-38 పలకల తేడా ఎంత ఉండాలో అక్కడ తెలుస్తుంది. ముక్కు ఆకారం మాత్రం దాన్ని చూసి దిద్దకండి, రెండో రకం ముక్కు వేరు.

ఆ రెండో రకానికే ఇంజన్లు అందక 275 విమానాలు ముక్కులు లేకుండా ఫ్యాక్టరీలో నిలబడిపోయాయి. వాటికి మిత్సుబిషి రేడియల్ ఇంజన్ తగిలించి కీ-100 అన్నారు. మీకు మచ్చలతో విసుగొస్తే తర్వాత అది చేయండి, దానికి మచ్చలుండవు, పై భాగమంతా ఒకే రంగు.


రెక్కలపురుగు:

ఎంచుకున్న విమానం ఫోటో మళ్లీ తీసి చూశాను. తోక, హినోమారు ఒకే నలుపు. ఫ్యూజలేజ్ మీద హినోమారుకు నేపథ్యంగా తెల్ల పట్టీ ఉంది, దాని మీదికి మచ్చ ఒక్కటీ రాలేదు. అంటే పట్టీ మచ్చల తర్వాత వేసి ఉంటారా?


సన్నసూది:

కావచ్చు. లేదా మచ్చలు వేసినవాడు దాన్ని కూడా హినోమారులా వదిలేసి ఉండవచ్చు. అంచు చూడండి. పట్టీ అంచు దగ్గర మచ్చలు సగంలో కోసినట్టు ఆగిపోతే పట్టీ తర్వాత వేశారని అర్థం. మచ్చలు మసకబారి, కాస్త దూరంగా ఆగితే ముందే ఉందని. మొదటిదైతే మీరు మచ్చలు వేసి, పూర్తిగా ఆరనిచ్చి, పట్టీని మాస్క్ చేసి తెలుపు కొట్టాలి. అప్పుడు ఆ తెలుపు ఆక్రిలిక్‌లో, దాని సొంత థిన్నర్‌తో కొట్టండి. లాకర్ తెలుపు అయితే కింది ఎనామెల్ ముడతలు పడుతుంది.